ఎస్తేరు సిస్టర్ కారుకు పెద్ద బ్రేకులు

2022 అక్టోబరు. ఢిల్లీలో ఎండలు తగ్గి, పొగ ఇంకా కమ్ముకోని రోజులు. ద్వారక సెక్టార్లు అయిపోయి పాలం ఊరు మొదలయ్యే చోట నా కార్ల వర్క్‌షాపు ఉంది. రేకుల షెడ్డు, కార్లను పైకి లేపే లిఫ్టులు రెండు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. మాది శ్రీకాకుళం జిల్లా. పదిహేడేళ్లు సైన్యంలో బండ్లు బాగుచేసి బయటికి వచ్చాక, పిల్లల చదువులు ఇక్కడే ఉన్నాయని ఇక్కడే ఉండిపోయాను. నాతోపాటు యూసుఫ్ భాయ్ అనే మెకానిక్ పనిచేస్తాడు. వయసులో నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, మాటల్లో నాకంటే చాలా పొదుపు.

నాకు బ్రేకుల పని మీద మోజు ఎక్కువ. ఇంజిన్ పనిని అందరూ మెచ్చుకుంటారు. బ్రేకు గురించి మాట్లాడేది మాత్రం అది పట్టనప్పుడే. అందుకేనేమో ఆ పని నాకు దగ్గరైంది. ఒకే కంపెనీ ఒకే అడుగు చట్రం మీద చిన్న కారు ఒకటి, పెద్ద సెడాన్ ఒకటి తయారుచేస్తుంది. చిన్నదానికి చిన్న బ్రేకులు, పెద్దదానికి పెద్ద బ్రేకులు. చట్రం ఒకటే కాబట్టి పెద్దదాని బ్రేకులు చిన్నదానికి చాలాసార్లు కూర్చుంటాయి. కుర్రకారు నా దగ్గరికి వచ్చి ఆ మార్పిడి చేయించుకునేవారు. ఈ మార్పులకు చట్టం ఏమంటుందో అప్పట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకుంటాను, ఆ పని మానేశాను కూడా. మానేయడానికి కారణం మాత్రం చట్టం కాదు.

ఎస్తేరు సిస్టర్ అంతకు రెండేళ్ల ముందు నుంచే నా కస్టమరు. బాపట్ల దగ్గరి మనిషి. ముప్ఫై ఏళ్ల కిందట నర్సుగా ఢిల్లీ వచ్చింది. భర్త పోయాడు. కూతురు షారోన్ గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తుంది. సిస్టర్ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో షుగరు రోగుల విభాగంలో పనిచేసేది. తెల్లవారి డ్యూటీకి తన చిన్న కారు తనే నడుపుకుంటూ వెళ్లేది. దారిలో ఇద్దరు జూనియర్ నర్సులను ఎక్కించుకునేది. ఆదివారం తెలుగు ప్రార్థనకు చర్చికి వెళ్లే ముసలమ్మలు ముగ్గురు ఆ కారులోనే వెళ్లేవారు. ఆ కారు ఆగితే కనీసం ఆరుగురి కార్యక్రమాలు ఆగిపోతాయి.

షెడ్డులోకి వస్తే ముందు మా చేతులు చూసేది. యూసుఫ్ భాయ్ బొటనవేలి మీద గీత పడినా వదిలేది కాదు. "ఇది ఎప్పుడు తెగింది భయ్యా? టీటీ ఇంజెక్షన్ లగ్‌వాయా?" అని నిలదీసి, తన సంచిలోంచి దూది తీసి తుడిచి కట్టుకట్టాకే కారు సంగతి ఎత్తేది. నా బీపీ ఎంతో నాకంటే ఆమెకే బాగా గుర్తుండేది.

ఆ అక్టోబరులో వచ్చినప్పుడు మాత్రం మా చేతులు చూడలేదు. వచ్చీ రాగానే తాళం నా చేతిలో పెట్టింది.

"తమ్ముడూ, బ్రేకులు పట్టట్లేదు. నిన్న సిగ్నల్ దగ్గర ముందున్న ఈ-రిక్షాకు తగిలిచ్చాను. లోపల ఒక పెద్దామె ఉంది. ఆమెకేం కాలేదు గానీ నాకు రాత్రంతా నిద్రలేదు."

"ఏటి సిస్టర్, మొన్న సర్వీసులోనే కదా ప్యాడ్లు మార్చాను."

"మార్చావు. కానీ పట్టట్లేదు. నేను నొక్కుతున్నాను, బండి వెళ్లిపోతంది."

బండి నడిపి చూశాను. శుభ్రంగా ఆగింది. లిఫ్టు మీదికి ఎక్కించి నాలుగు చక్రాలు విప్పి చూశాను. లీకు లేదు, అరుగుదల లేదు. అది ఏబీఎస్ లేని పాత మోడల్. అంటే, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు దానికి లేదు. అంతకుమించి లోపం ఏమీ కనబడలేదు. ఆ మాటే చెప్పాను.

ఆమె ఒప్పుకోలేదు. "కంపెనీ సర్వీసు వాళ్లూ ఇదే చెప్పారు. మా డ్యూటీ డాక్టరుగారి అబ్బాయి ఏమన్నాడంటే, ఇదే కంపెనీ పెద్ద బండి బ్రేకులు దీనికి ఎక్కుతాయంట గదా. నువ్వు అట్టాంటివి చేస్తావని కూడా చెప్పాడు. అవి పెట్టు."

"కొత్త బండే కొనుక్కోవచ్చు కదా?"

"దీనికి ఇంకా నాలుగేళ్లు ఉంది. పదిహేనేళ్లు నిండినాక ఢిల్లీ వాళ్లే రోడ్డెక్కనీరు. అప్పటికి నేనూ రిటైరవుతాను. ఇద్దరం ఒకేసారి దిగుతాం."

ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు అడిగితే అది వేరు. నాకిష్టమైన పనిని నాకు నచ్చిన మనిషి అడిగింది. లోపం లేని బండికి ఈ పని ఎందుకని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పాత సామాన్ల బజారుకు వెళ్లి, ప్రమాదంలో వెనకభాగం నుజ్జయిన ఒక సెడాన్ ముందు చక్రాల బ్రేకులు తెచ్చాను. వెనక దెబ్బ తిన్న బండి ముందు సామాను బాగుంటుందని మా పనిలో ఒక లెక్క.

పని వివరంగా చెబుతాను. అసలు విషయం అందులోనే ఉంది. చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు. పెడల్ నొక్కితే ఆ పళ్లేన్ని రెండువైపులా పట్టుకుని ఆపేది కాలిపర్. సెడాన్ డిస్కు పెద్దది, మధ్యలో గాలి ఆడే సందులతో ఉంటుంది. త్వరగా వేడెక్కదు. కాలిపర్ కూడా పెద్దదే. బోల్టులు పట్టే రంధ్రాలు రెండు కార్లకీ ఒకటే కొలత. చిన్న కారు చక్రాల్లో ఈ కాలిపర్ పట్టదు కాబట్టి సెడాన్ చక్రాలే వేశాను. వెనక బ్రేకులను ముట్టుకోలేదు.

తర్వాత బ్లీడింగ్. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలిని బయటికి తీయడం. దీనికి ఇద్దరు కావాలి. నేను కారు కింద గాలి వదిలే మర పట్టుకుని కూర్చుంటే యూసుఫ్ భాయ్ సీట్లో కూర్చుని పెడల్ నొక్కుతాడు. "దబావ్" అంటే నొక్కాలి, "ఛోడో" అంటే వదలాలి. ఈ రెండు మాటలతోనే మేం ఒక పూట గడిపేయగలం.

గాలంతా పోయాక కూడా పెడల్ బాగా కిందికి దిగుతోంది. ఇది లోపం కాదు. పెద్ద కాలిపర్ నిండడానికి ఎక్కువ ఆయిల్ కావాలి. పాత పంపు చిన్నది కాబట్టి కాలు ఎక్కువ దూరం నొక్కితే గాని అంత ఆయిల్ వెళ్లదు. పెడల్ ఎంత దూరం దిగుతుందో దాన్ని మేం పెడల్ ట్రావెల్ అంటాం. ట్రావెల్ పెరిగింది, అందుకు బదులుగా నొక్కడం తేలికైంది.

ఆ సాయంత్రం సిస్టర్ వచ్చి సీట్లో కూర్చుని, బండి కదపకుండానే నాలుగైదుసార్లు పెడల్ నొక్కి చూసింది. ముఖం విప్పారింది.

"ఇది బాగుంది తమ్ముడూ. కిందికి దిగుతంది, తెలుస్తంది. ఇట్టాగే ఉంచెయ్."

"ఇది పూర్తవలేదు సిస్టర్. పెడల్ ఇంత దిగకూడదు. పైనే పట్టుకోవాలి. రెండు రోజులాగండి, రాయిలా చేసిస్తాను."

"రాయెందుకయ్యా? నాకిది చాలు."

"మీకు తెలీదు, నేను చెప్తాను కదా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఆమెను పంపించేశాను. మర్నాడు సెడాన్ మాస్టర్ సిలిండర్ కూడా తెచ్చి బిగించాను. పెడల్ నొక్కగానే ఆయిల్‌ను గొట్టాల్లోకి తోసే పంపు అది. అది లావుది కాబట్టి పెడల్ కాస్త కదిలితే చాలు, బ్రేకు పట్టేస్తుంది. ఇక ఆ తర్వాత కాలు దిగదు. ఎంత గట్టిగా ఆపాలో అరికాలి ఒత్తిడితోనే నిర్ణయించుకోవాలి. బండి తెలిసినవాళ్లు ఇష్టపడేది ఈ పెడల్‌నే. ఖాళీ రోడ్డు మీద పదిసార్లు ఆపి చూసుకున్నాను. నా పనికి నేనే మురిసిపోయాను. యూసుఫ్ భాయ్ కూడా నడిపి చూసి "బఢియా" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం పండగలాంటిది.

వారం తిరగకుండానే సిస్టర్ మళ్లీ వచ్చింది.

"ఏందో తమ్ముడూ, పడితే ఒక్కసారే పడతంది. అందరం ముందుకు తూలుతున్నాం. లేకపోతే అసలు పట్టట్లేదు."

మళ్లీ నేనే నడిపాను. లోపం లేదు. మళ్లీ బ్లీడింగ్ చేశాం, ప్యాడ్లు మార్చాం. బండి ఇస్తూ, కొత్త బ్రేకు కదా, కొన్నాళ్లు అలవాటు కావాలని చెప్పాను. నిజం చెప్పాలంటే మనసులో అనుకున్నది వేరు. వయసు మీదపడుతోంది, ఈమెకు డ్రైవింగ్ మందగిస్తోంది, నెపం నా బ్రేకుల మీద పెడుతోంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అనుకున్నదాంట్లో సగం నిజమే అయినా ఆ సిగ్గు తగ్గలేదు.

నవంబరు మొదటి శనివారం మధ్యాహ్నం కారు షారోన్ నడుపుకుంటూ వచ్చింది. సిస్టర్ పక్క సీట్లో ఉంది. ముందు బంపర్ ఒకవైపు ఊడి వేలాడుతోంది. షారోన్ దిగీ దిగగానే నా మీదికి వచ్చింది. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ మాట్లాడేది హిందీయే.

"అంకుల్, ఆప్‌నే యే క్యా లగా దియా? మమ్మీ నే గార్డ్ కీ కుర్సీ తోడ్ దీ."

నేను బిగించిన బ్రేకుల వల్లే అమ్మ గార్డు కుర్చీ విరగ్గొట్టిందని ఆమె గోల. జరిగిందిది. వాళ్ల అపార్ట్‌మెంట్ సొసైటీ గేటు దగ్గర గార్డు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సిస్టర్ కారు రావడం చూసి గేటు తియ్యడానికి లేచాడు. ఆమె బ్రేకు నొక్కింది, బండి ఆగలేదు. ఆ కుర్చీని గోడకు నొక్కేసి అప్పుడు ఆగింది. అతను లేచి రెండడుగులు వేయడం వల్ల బతికాడు. ఎక్కడి నుంచో తెచ్చిన బ్రేకులు ఫెయిలయ్యాయని, ఫలానా మెకానిక్ దగ్గరికి ఎవరూ వెళ్లవద్దని షారోన్ అప్పటికే సొసైటీ వాట్సాప్ గ్రూపులో రాసింది.

సిస్టర్ మాత్రం దిగలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని కారులోనే కూర్చుంది.

నాకు కోపం రావాలి. రాలేదు. భయం వేసింది. బండిలో లోపం ఉంటే కనిపెట్టగలను. రెండుసార్లు విప్పి చూసి లేదన్నాను. లేని లోపం మనిషి మీదికి వెళ్లింది. అప్పుడు తట్టింది, ఈ మొత్తం వ్యవహారంలో ఆ బండిని ప్రతిసారీ నడిపి చూసింది మేమే. మా పనిలో అలవాటు అది. కస్టమరు తాళమిస్తాడు, మేం నడిపి చూసి తీర్పు చెప్తాం. కస్టమరు నడుపుతుంటే పక్కన కూర్చున్న రోజు నా సర్వీసులో ఒక్కటీ లేదు.

"సిస్టర్, మీరు నడపండి. నేను పక్కన కూర్చుంటాను," అన్నాను.

షారోన్ వద్దంది. ఆమెను వెనక కూర్చోబెట్టి, హ్యాండ్‌బ్రేకు మీద నా చెయ్యి ఉంటుందని చెప్పి, షెడ్డు వెనకున్న ఖాళీ ప్లాటులోకి తీసుకువెళ్లాను. మనుషులు లేరు, గోడలు దూరం. నేను ముందుకు చూడలేదు, సిస్టర్ కాలు వైపు చూశాను.

ఆమె డ్రైవింగులో మందగింపు ఏమీ లేదు. స్టీరింగు, గేర్లు అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. ఆపమన్నప్పుడు మాత్రం, కాలు ఎత్తే ముందు ఒక్క క్షణం కిందికి చూసేది. స్పీడోమీటరు చూస్తున్నట్టు ఉంటుంది గానీ చూసేది కాలిని. రెండోసారి ఆపమన్నాను. పాదంలో సగమే బ్రేకు మీద పడింది. మిగతా సగం పక్కనున్న యాక్సిలరేటర్ అంచు మీద ఉంది. రెండూ కలిపి నొక్కుతోంది. ఇంజిను గట్టిగా అరుస్తుంటే ఆమె ఇంకా నొక్కుతోంది. నేను హ్యాండ్‌బ్రేకు లాగాను.

"చూశావా, పట్టట్లేదు," అంది నాతో.

సీట్లు మార్చుకున్నాం. బండి నేనే షెడ్డులోకి తెచ్చాను. పక్క సీటులోంచి దిగిన సిస్టర్ నడుచుకుంటూ వెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మా షెడ్డు నేల మీద మరక కనబడితే నా కళ్లు వాటంతటవే అటు పోతాయి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, పచ్చగా నీళ్లలా ఉంటే కూలెంట్, జిడ్డుగా లేత రంగులో ఉంటే బ్రేక్ ఆయిల్. కారు నుంచి కుర్చీదాకా అడుగుకొకటి చొప్పున చిన్న చిన్న మరకలున్నాయి. ఏ బండి కారుతోందా అని వంగి వేలితో తాకి చూశాను. రక్తం.

సిస్టర్ కుడికాలికి చెప్పు లేదు. ఆ చెప్పు డ్రైవరు సీటు కిందికి జారి పడి ఉంది. ఖాళీ ప్లాటులో సీట్లు మారేటప్పుడే వదిలేసి దిగి ఉండాలి. అరికాల్లో, మా షెడ్డు మూలనున్న లేతు మిషను మీద ఇనుము చెక్కేటప్పుడు లేచే పొర ముక్క ఒకటి, గోరంత పొడవుది, దిగబడి ఉంది. ఆమె షారోన్‌తో మంచినీళ్ల సీసా గురించి ఏదో మాట్లాడుతోంది.

"సిస్టర్, మీ కాలు," అన్నాను.

ఆమె కాలు ఎత్తి మోకాలి మీద పెట్టుకుని చూసుకుంది. ముందు చెప్పు లేని సంగతి గమనించింది, తర్వాత ఇనుప ముక్కను. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తన సంచిలోని పట్టకారు తీసి, వేరే ఎవరి కాలో అయినట్టు, ముఖంలో చిన్న మార్పు కూడా లేకుండా ముక్క లాగేసి, కడిగి, దూది అద్దింది. తర్వాత కాసేపు అలాగే పాదాన్ని చూస్తూ కూర్చుంది.

"నైలాన్ బ్రష్షు ఉందా మీ దగ్గర?"

సామాన్లు కడిగే బ్రష్షు తెచ్చిచ్చాడు యూసుఫ్ భాయ్. దాంట్లోంచి ఒక పోగు పీకి, సబ్బుతో కడిగి నాకిచ్చింది. షుగరు రోగుల పాదాలకు స్పర్శ ఉందో లేదో ఇలాంటి సన్నని నైలాన్ పోగుతోనే పరీక్షిస్తారట. పోగు కొద్దిగా వంగేదాకా ఆనిస్తే చాలు, స్పర్శ ఉన్న కాలైతే తెలుస్తుంది. ఆమె చేసే డ్యూటీయే అది.

"ఇది సరైన కొలత కాదు. అయినా చాల్లే. కళ్లు మూసుకుంటాను. ఒక్కోచోట పెట్టు. తెలిసినప్పుడల్లా 'ఆ' అంటాను."

"మైఁ కర్తీ హూఁ, మమ్మీ," అని షారోన్ చెయ్యి చాపింది.

"నువ్వొద్దు. నువ్వయితే గట్టిగా నొక్కుతావు."

కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను. ఆమె కళ్లు మూసుకుంది. బొటనవేలి కొసన పోగు ఆనించాను. పోగు వంగింది. ఆమె ఏమీ అనలేదు. వేళ్ల కింద, పాదం అంచున, మడమ దగ్గర, ఒక్కోచోట ఆనించి ఆగాను. ఏడుచోట్ల. ఆమె తల కొంచెం పక్కకు వంచి, పిలుపు కోసం కాచుకున్నట్టు శ్రద్ధగా వింటోంది.

"ఇంకా మొదలుపెట్టలేదా తమ్ముడూ?" అంది కళ్లు తెరవకుండా.

షారోన్ మొహం అటు తిప్పుకుంది. పోగు వెనక్కి తీసుకున్నాను. "అయిపోయింది సిస్టర్," అన్నాను.

ఆమె కళ్లు తెరిచి నా చేతిలోని పోగును చూసింది. ఏడవలేదు. పాదం కిందికి దించి చీర సర్దుకుంది.

"తిమ్మిరి ఏడాది నుంచి ఉంది. నిలబడే డ్యూటీ కదా, అందుకే అనుకున్నా. రోజంతా అందరి కాళ్లు చూస్తాను. ఇంటికొచ్చినాక నాది చూసుకునే ఓపిక ఉండదు." సంచి మూసి, "అబద్ధమెందుకు, భయమేసింది. బ్రేకు పాడయిందనుకుంటే బాగుచేయించుకోవచ్చు గదా," అంది.

ఇక నేను దాచి లాభం లేదు. నా తప్పు కూడా చెప్పాను. పాత పంపు ఉన్నప్పుడు పెడల్ కిందికి దిగేది. అరికాలికి తెలియకపోయినా, మోకాలు ఎంత ముందుకు వెళ్లిందో దాన్నిబట్టి ఎంత నొక్కారో మీకు తెలిసేది. అందుకే ఆ రోజు ఇది బాగుంది, ఇలాగే ఉంచమన్నారు. నేను వినకుండా దిగని పెడల్ పెట్టాను. అరికాలు చెబితే తప్ప తెలియని పెడల్ అది. మీకు మిగిలిన ఒక్క ఆధారం నేను తీసేశాను.

తోటి నర్సు చెప్పే కేసు వింటున్నట్టు ఆమె విన్నది. "మోకాలు నాకింకా తెలుస్తంది," అని ఒప్పుకుంది. "కానీ అది పెట్టి ఉంచినా ఇంకో ఆరు నెలలు తోలేదాన్ని, అంతే. అప్పుడు గార్డు కుర్చీలో ఉండేవాడేమో." నన్ను ఓదార్చడానికి అన్నదో, నిజమే అన్నదో నాకు ఈనాటికీ తెలియదు. రెండూ అయి ఉండవచ్చు.

ఆ సోమవారం తన ఆసుపత్రిలోనే చూపించుకుంది. షుగరు వల్ల కాలి నరాలు దెబ్బతిన్నాయని, కారు నడపవద్దని డాక్టరు రాసిచ్చాడు. సొసైటీ గ్రూపులో కూతురు రాసింది తీయించి, తన గొంతుతోనే ఒక సందేశం పెట్టింది. బ్రేకులు ఫెయిలవలేదని, తన కాలికి స్పర్శ లేదని, అది తెలిసి కూడా నడిపినందుకు గార్డుకు క్షమాపణ చెప్పానని. అలా చెప్పడం వల్ల ఉద్యోగానికి ఏమవుతుందో అప్పటికి ఆమెకు తెలియదు. నా పేరు మీద పడిన మచ్చ చెరిపేయడానికి ఆ సందేశం చాలు. దాన్ని విని నేను మాత్రం అన్నం సరిగా తినలేకపోయాను.

ఆసుపత్రి వాళ్లు ఆమెను ఎక్కువసేపు కూర్చుని చేసే డ్యూటీలోకి మార్చారు. మెట్రోలో వెళ్లడం మొదలుపెట్టింది. ఇద్దరు జూనియర్లు ఆమె బ్యాగు పట్టుకుని కూడా వెళ్తున్నారు. చర్చి ముసలమ్మలను ఆదివారాలు షారోన్ తీసుకువెళ్తుంది. పెద్ద బ్రేకులన్నీ విప్పి, పాతవే శుభ్రం చేసి మళ్లీ బిగించాను.

ఆ తర్వాత నా షెడ్డులో ఒక పద్ధతి వచ్చింది. బ్రేకు గురించి ఎవరు ఫిర్యాదు తెచ్చినా ముందు వాళ్లనే నడపమంటాను. నేను పక్కన కూర్చుని కిందికి చూస్తాను. కొందరికి అది నచ్చదు, అనుమానిస్తున్నావా అని అడుగుతారు. అవుననే చెప్తాను. అలా చూడబట్టి, పెడల్ కింద రెండు మ్యాట్లు వేసుకున్నవాళ్లు ముగ్గురు, మోకాలి నొప్పి దాస్తున్నవాళ్లు ఇద్దరు దొరికారు. ఒక్కరి బండికీ బ్రేకు లోపం లేదు. ఎంత తెలిసిన పనైనా, అది వాడే మనిషి నాకు ఇదే బాగుందంటే ఎందుకు బాగుందో అడగాలని నేర్చుకున్నాను. అడిగి ఉంటే ఆ అక్టోబరులోనే తేలిపోయేది.

పాత బ్రేకులు బిగించాక కారు తీసుకెళ్లడానికి తల్లీకూతుళ్లు ఇద్దరూ వచ్చారు. షారోన్ నడిపింది, సిస్టర్ పక్క సీట్లో కూర్చుంది, ట్రయల్ కోసం నేను వెనక కూర్చున్నాను. పాలం వైపు మొదటి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. షారోన్ బ్రేకు వేసింది. వెనక సీట్లోంచి నాకు రెండు సీట్ల మధ్య సందులో కనబడింది. సిస్టర్ కుడికాలు కూడా ముందుకు చాపి నేలను అదిమిపట్టింది. బండి ఆగేదాకా అలాగే ఉంచింది.

బ్రేకు లేని చోట నొక్కుతోందని షారోన్ అటు చూసి నవ్వింది. "మమ్మీ, వహాఁ బ్రేక్ నహీఁ హై. క్యోఁ దబా రహీ హో?"

సిస్టర్ వంగి తన కాలి వైపు చూసుకుంది.

"నొక్కుతున్నానా? నువ్వు చెబితేనే తెలిసింది."

షారోన్ నవ్వు ఆగిపోయింది. పచ్చలైటు పడింది. బండి కదిలించింది. తర్వాతి సిగ్నల్ ఇంకా చాలా దూరం ఉండగానే, మెల్లగా, బ్రేకు మీద కాలు పెట్టింది.